నవ్వించే తెలుగు పుస్తకాలు: బరంపురం ఇంట్లో దేంతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న శ్రద్ధగా చదివానమ్మా. బరంపురంలో ఉంటున్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ మీరు చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు వచ్చుగానీ ఒక పేరా దాటితే ఆయాసం వస్తోందన్నారు. అయిదో తరగతి చదివే బాబుకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అత్తగారికి చూపు మసకబారింది, ఎవరైనా చదివిపెడితే వింటారు. ముగ్గురూ కలిసి నవ్వుకునే పుస్తకాలు కావాలి. ఎవర్ని అడిగినా 'కన్యాశుల్కం' అంటున్నారని, తెరిస్తే మూడు పేజీలు కూడా సాగలేదని, అయితే నాకు తెలుగు రానట్టేనా అని అడిగారు.

రానట్టు కాదమ్మా. మీకు తెలుగు చెవికి వచ్చు, కంటికి ఇంకా అలవాటు కాలేదు, అంతే. తెలుగులో మంచి హాస్యం రాసినవాళ్లలో ఎక్కువమంది చెవి కోసమే రాశారు కాబట్టి ఈ విషయంలో మీకు దారి సులువు. మనసులో చదవకండి. పైకి చదవండి, ఒకరు వింటూ ఉండగా చదవండి. నేను పర్లాకిమిడిలో చాలాకాలం తెలుగు చెప్పాను, రిటైరయ్యాక సాయంత్రాలు పిల్లల్నీ పెద్దల్నీ కూర్చోబెట్టి పుస్తకాలు చదివి వినిపిస్తున్నాను. ఒక్కరే కూర్చుని చదివినప్పుడు చిన్న నవ్వుతో సరిపెట్టిన మనిషి, అదే పేజీ పదిమందిలో వింటే పొట్ట పట్టుకుని నవ్వడం చూస్తూనే ఉన్నాను. అందుకే నేను చెప్పే వరసలో ముందు గొప్ప పుస్తకం, తర్వాత చిన్న పుస్తకం అని ఉండదు. మీ ఇంట్లో ఎవరి చెవికి ఏది ముందు అందుతుందో ఆ వరస.

ఒక్కమాట మన ఊళ్ల గురించి చెప్పి పుస్తకాల్లోకి వస్తాను. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లు ఈ హాస్యాన్ని ఎక్కడో దూరాన గోదావరి జిల్లాల సొమ్ము అనుకుంటారు. అది నిజం కాదు. మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా బతికింది పర్లాకిమిడిలో. చిన్నప్పుడు విజయనగరంలో ఆయనా గురజాడ అప్పారావు గారూ కలిసి చదువుకున్న స్నేహితులు. ఒకరు వాడుక భాష కోసం వాదించారు, రెండోవారు ఆ భాషలో 'కన్యాశుల్కం' నాటకం రాసి చూపించారు. గిడుగు వారు ఆ వైపు కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసింది కూడా పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లోనే మొదలైన కృషి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లాక ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆ వాడుక భాష వాదం గెలవకపోయి ఉంటే నేను కింద చెప్పబోయే పుస్తకాల్లో సగం పుట్టేవి కావు. కాబట్టి ఇవి మీ ఇంటివే అనుకుని తెరవండి.

బాబుతో మొదలుపెడదాం. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లాడికి తెలియని కథ ఇవ్వకూడదు. తెలిసిన కథే ఇవ్వాలి. కథ తెలిసి ఉంటే వచ్చే మాట ఏమిటో ముందే ఊహిస్తాడు, ఊహించింది పేజీలో కనబడితే ఆ అక్షరం ఇక మరచిపోడు. అందుకు పరమానందయ్య గారి శిష్యుల కథల్ని మించినవి లేవు. పెద్ద అక్షరాల పిల్లల పుస్తకాలుగా దొరుకుతాయి. ముందు అత్తగారిని చెప్పమనండి, ఆవిడకు తప్పకుండా తెలిసే ఉంటాయి. శిష్యులు ఏరు దాటాలి. ఏరు నిద్రపోతోందో మేలుకుని ఉందో ముందు చూడాలిగా! ఒకడు మండే కొరివి తెచ్చి నీళ్లలో ముంచుతాడు, అది చుయ్యిమంటుంది. ఇంకా మేలుకునే ఉందిరా బాబోయ్ అని వెనక్కి పరుగు. తీరా దాటాక లెక్కపెట్టుకుంటే ఒకడు తక్కువ, ఎందుకంటే లెక్కపెట్టేవాడు తనను వదిలేసి లెక్కపెడతాడు. వెళ్లిన వాణ్ణి ఏరు మింగేసిందని అందరూ కూర్చుని ఏడుస్తారు. సూది తెమ్మంటే అందరూ కలిసి మోయాలి కాబట్టి దాన్ని ఒక తాటిదుంగకు గుచ్చి మోసుకొస్తారు, తెచ్చాక దుంగలో సూది ఎక్కడుందో కనబడదు.

మా దగ్గరికొచ్చే ఒక గుంటడు కొరివి కథ చదువుతూ 'చుయ్యి' అన్న చోట ఆగిపోయాడు. ఒత్తు రాక ఆగాడేమో అని నేను సాయం చెయ్యబోతే, వాడు చెయ్యి అడ్డంపెట్టి, అందరూ తనవైపు చూస్తున్నారని ఖాయం చేసుకుని, అప్పుడు పెద్దగా చదివాడు. ఆ రోజు నుంచి వాణ్ణి చదవమని బతిమాలాల్సిన అవసరం రాలేదు. నవ్వించే శక్తి తన నోట్లో ఉందని పిల్లాడికి తెలిస్తే మిగతా పని వాడే చేసుకుంటాడు. ఒడియా చదివిన పిల్లలకు గుండ్రటి అక్షరాలంటే భయం ఉండదు, ఇబ్బంది పెట్టేది ఒత్తులే. వాటిని విడిగా కూర్చోబెట్టి నేర్పకండి. కథలో వచ్చినప్పుడు ఒకసారి వేలు పెట్టి చూపించండి, చాలు.

తర్వాత 'బుడుగు'. ముళ్లపూడి వెంకటరమణ గారు 1956-57 ప్రాంతంలో ఆంధ్ర పత్రిక వీక్లీలో రాశారు, బొమ్మలు బాపు గారివి. ఇందులో లోకమంతా ఒక చిన్న పిల్లాడి నోటినుంచి వినబడుతుంది. వాళ్లమ్మను రాధ అనీ నాన్నను గోపాలం అనీ పేర్లు పెట్టే పిలుస్తాడు. పక్కింటి లావుపాటి పిన్నిగారు, ఆవిడ 'ముగుడు', సీగానపెసూనాంబ అనే నేస్తం, చదువు చెప్పడానికి వచ్చి నిలవలేకపోయే ప్రైవేటు మేష్టార్లు, మనవణ్ణి నెత్తిన పెట్టుకునే బామ్మ, ఇంతే లోకం. కానీ పెద్దవాళ్లు పిల్లల ముందు ఆడే చిన్నచిన్న అబద్ధాలన్నీ ఈ పిల్లాడు పట్టేస్తాడు. పట్టేశానని తనకే తెలియదు, అదే మనల్ని నవ్విస్తుంది.

మీకు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బుడుగు మాటలు అచ్చులో కొత్తగా కనబడతాయి. ఆశ్చర్యం అనడు, హాశ్చర్యం అంటాడు. మీరు మనసులో చదివితే ఇదేదో అచ్చుతప్పు అనుకుని ఆగుతారు, లేదా నాకే రావట్లేదని టెన్షన్ పడతారు. పైకి చదివితే ఆ పిల్లాడి గొంతు దానంతట అదే వచ్చేస్తుంది. ఒక పూటకు రెండు మూడు పేజీలు మించి చదవకండి. వారం వారం పత్రికలో వచ్చిన రచన అది, ఏకబిగిన చదివితే రుచి పోతుంది. బొమ్మ వచ్చిన పేజీ దగ్గర ఆగి, పుస్తకం బాబు చేతికివ్వండి. బాపు గారి బుడుగును చూసి పిల్లలు నవ్వడం వేరు, పెద్దవాళ్లు నవ్వడం వేరు. రెండూ చూడదగ్గవే.

ఆ బాటలోనే ఆడపిల్ల గొంతు కావాలంటే సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కతలు' తెచ్చుకోండి. వెనకటి తరం ఇళ్లలో ఆడపిల్లలు ఎలా పెరిగేవారో, ఒక చురుకైన పిల్ల చెబుతుంది. మీ అత్తగారు వింటూ వింటూ మధ్యలో ఆపి తన చిన్ననాటి సంగతులు మొదలుపెడతారు. ఆపనివ్వండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

అత్తగారికి నేను ముందు చెప్పే పేరు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గణపతి'. తిండి మీద ఉన్న శ్రద్ధ చదువు మీద లేని గణపతి, వాణ్ణి ఒక్కమాట అననివ్వని తల్లి, ఆ అగ్రహారం మనుషులు. విజయవాడ రేడియోలో నాటకంగా వచ్చి ఇంటింటా వినబడిన కథ ఇది. మీ అత్తగారు వినే ఉండొచ్చు. భాష కొంచెం పాతది, గ్రాంథికపు జాడ ఉంటుంది కాబట్టి మీరు తడుముకుంటారు. తడుముకున్న చోట ఆవిడే అందిస్తారు, అందించడంలో ఆవిడకు సంతోషం కూడా ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే నవల అంతా ఒకే ఊపులో ఉండదు. మధ్యలో నీతిబోధ వచ్చే చోట్ల పేజీలు దాటేయండి, తప్పేం లేదు. మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం కథలు కూడా ఆవిడకే. భార్యాభర్తల మధ్య ఇంటి తగువులు, ఎప్పుడూ కాంతానిదే పైచెయ్యి. ఒక్కో కథ పావుగంటలో అయిపోతుంది, రాత్రి భోజనాలయ్యాక చదవడానికి అనువుగా ఉంటాయి.

ఇక మీకు. మీరు ఉద్యోగం చేస్తూ అలసి ఇంటికొచ్చే మనిషి, మీ అంతట మీరు చదువుకోవడానికి ఒకటి కావాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' తీసుకోండి. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి బారిస్టరీ చదవడానికి ఇంగ్లండు వెళతాడు. రైలు, మద్రాసు, కొలంబో, ఓడ, అన్నీ కొత్తే. మద్రాసులో దొరలాగా ఉండాలని టోపీ కొని దర్జాగా పెట్టుకుంటాడు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాదు. అది దొరసానులు పెట్టుకునే టోపీ అని తర్వాతగానీ తెలియదు. పార్వతీశం కథను తనే చెబుతాడు, చాలా బుద్ధిగా, మర్యాదగా చెబుతాడు. ఎక్కడా ఇది నవ్వాల్సిన చోటు అని సైగ చెయ్యడు. మొదటిసారి పెద్ద ఊరికి రైలెక్కి, పక్కవాణ్ణి చూసి ఎలా కూర్చోవాలో నేర్చుకున్న ప్రతి మనిషి కథా ఇందులో ఉంది. మన సరిహద్దు ఊళ్ల నుంచి చదువుకని భువనేశ్వర్‌కో విశాఖకో మొదటిసారి వెళ్లిన పిల్లలు ఇది చదివి నవ్వే నవ్వులో ఒక ఊరట ఉంటుంది. మూడు భాగాలున్నాయి. నా అభిప్రాయంలో మొదటి భాగమే ప్రాణం. అది చదివాక మనిషి మీద ఇష్టం కలిగితే మిగతా రెండూ చదవండి.

ఇవి అయ్యాక, లేదా వీటి మధ్యలోనే, కన్యాశుల్కం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

మీరు మూడు పేజీల్లో ఆగిపోవడానికి కారణం నాకు తెలుసు. నాటకం విజయనగరంలో బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే నిలబడి తనలో తాను మాట్లాడుకోవడంతో మొదలవుతుంది. అప్పటి విజయనగరం మనుషుల పేర్లు, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు, ఎవరికి ఎంత బాకీయో లెక్కలు, అన్నీ ఒక్కసారి మీదపడతాయి. నాటకం వేసేటప్పుడు నటుడు ఆ చోటును నడిపిస్తాడు, చదివేవాడికి ఆ సాయం లేదు. కాబట్టి మొదటి అంకంతో మొదలుపెట్టకండి. రెండో అంకంలో గిరీశం, శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని కృష్ణారాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇంటికి వచ్చే చోట తెరవండి. అది చదివాక మొదటి అంకానికి వెనక్కి వెళ్లండి, అప్పుడు గిరీశం మీకు తెలిసిన మనిషి అయిపోయి ఉంటాడు.

ఆ ఇంట్లో ఒక సందర్భం ఉంది. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ సంగతి కప్పిపుచ్చడానికే గిరీశం తోడు వచ్చాడు. తల్లి వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు చదువంటే మురిపెం. మీరిద్దరూ ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడుకోండి, వింటాను అని అడుగుతుంది. గిరీశం ఏమాత్రం తడబడడు. 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' అని అందుకుంటాడు. వెంకటేశం బదులిస్తాడు: 'దేర్ ఈజ్ ఎ వైట్ మ్యాన్ ఇన్ ది టెంట్'. గిరీశం ఇంకో పద్యం ముక్క వదులుతాడు. శిష్యుడు రేఖాగణితం పుస్తకంలోంచి ట్రెపీజియం భుజాల గురించి చెబుతాడు. గిరీశం మిల్టన్ కావ్యాన్ని మామిడిచెట్టు మీదికి ఎక్కించి వినిపిస్తే, వెంకటేశం వ్యాకరణం పుస్తకంలోంచి ఎఫ్‌తో ముగిసే నామవాచకాల బహువచన సూత్రం అప్పజెబుతాడు. ఇద్దరికీ ఒక్క క్షణం కూడా సందేహం లేదు. తల్లి ముఖం వెలిగిపోతుంది.

దీన్ని ఇద్దరు చదవాలి. గిరీశం వంతు మీది, వెంకటేశం వంతు బాబుది. వాడికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆ ఇంగ్లీషులో ఏమాత్రం సంబంధం లేదని వాడికి వెంటనే తెలుస్తుంది. మీ అత్తగారికి ఇంగ్లీషు రాకపోతే ఇంకా మంచిది. వెంకమ్మ స్థానంలో కూర్చుని వింటారు, తర్వాత మీరు అర్థం చెబితే అప్పుడు నవ్వుతారు. మా దగ్గర ఒక ముసలమ్మ ఇది విని, 'మా మనవడూ ఇలాగే మాట్లాడతాడర్రా, నేనేటి కనిపెట్టగలను' అంది. చుట్టాలొస్తే పిల్లాణ్ణి పిలిచి రైమ్ చెప్పించే ఇళ్లు ఇవాళ ఎన్ని లేవు! ఇది 1909 నాటి ప్రతిలోని సంగతి అంటే నమ్మబుద్ధి కాదు.

తేదీలు ఇక్కడ చెప్పేస్తాను. కన్యాశుల్కం మొదట 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ వారు దాన్ని బాగా పెంచి తిరగరాశారు. మనం చదివేది ఈ రెండోదే, ఏడంకాల నాటకం. 'పొగత్రాగనివాడు దున్నపోతై పుట్టున్' అన్న పద్యం మీ అత్తగారికి తప్పకుండా వచ్చి ఉంటుంది. అది గిరీశం నోటి పద్యమే అని చాలామందికి తెలియదు. 'డామిట్, కథ అడ్డంగా తిరిగింది' అని ఊళ్లో ఎవరో ఒకరు రోజూ అంటూనే ఉంటారు, అది ఈ నాటకంలో చివరి మాట. 1955లో వచ్చిన సినిమాలో గిరీశం ఎన్టీఆర్, మధురవాణి సావిత్రి. సినిమా చూస్తే పాత్రలు కళ్లకు కడతాయి, చదవడం సులువవుతుంది. కానీ సినిమాతో ఆగకండి, మాటల్లో సగం అందులో ఇమడలేదు.

ఇంత నవ్వు కింద ఏముందో కూడా బాబుకు ఇవాళ కాకపోయినా ఒకరోజు చెప్పాలి. కన్యాశుల్కం అంటే ఆడపిల్లను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టడం. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మ అలాగే విధవ అయి ఇంట్లో ఉంది. ఇప్పుడు చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోతున్నాడు. దాన్ని తప్పించడానికే మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి పెళ్లికూతుర్ని చేస్తాడు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1,034 తేలాయని గురజాడ వారు తన ముందుమాటలో రాశారు. పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్ల పిల్లలు, ముగ్గురికి ఒక్క ఏడాదే. ఇది చదివిన మనిషి కన్నీళ్ల నాటకం రాయాలి. ఆయన నవ్వుల నాటకం రాశారు. నవ్విస్తేనే ఆ అగ్రహారాల వాళ్లు కూర్చుని చివరిదాకా వింటారు కదమ్మా. నాకు ఈ నాటకం మీద ఉన్న ప్రేమంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి మీకు బాగా పనికొస్తుంది. కన్యాశుల్కం అచ్చయిన 1897లోనే అటు కటక్ వైపు ఫకీర్ మోహన్ సేనాపతి గారి 'ఛ మాణ ఆఠ గుంఠ' ఉత్కళ సాహిత్య పత్రికలో ధారావాహికగా మొదలైంది. ఇక్కడా అక్కడా ఒకేసారి ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడే భాషను పట్టుకుని, నవ్విస్తూ నవ్విస్తూ ఊళ్లోని అన్యాయాన్ని బయటపెట్టారు. మీకు ఒడియా చదవడం వచ్చు. తెలుగు సాహిత్యం మీద ఎంత ప్రేమ ఉన్నా నాలాంటి వాడికి ఆ పుస్తకం మీ అంత సులువుగా అందదు. అందులో రామచంద్ర మంగరాజ్ అనే జమీందారు ఏకాదశి ఉపవాసం చేస్తాడు, పగలంతా నీళ్లూ తులసి దళాలూ తప్ప ఏమీ ముట్టడు. కానీ ఏకాదశి రాత్రి ఆయన పడకగదిలో ఒక కుండ పాలు, అరటిపళ్లు, పేలాలు, పటికబెల్లం పెడతారని, తెల్లారేసరికి ఖాళీ కుండ మిగులుతుందని మంగలి జగా నోరు జారతాడు. అప్పుడు కథ చెప్పేవాడు మంగరాజ్ తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. పాలు ద్రవం కదా, ఆవిరై ఉండవచ్చు. మిగతావాటికి గదిలో ఎలకలు లేవా ఏమిటి అంటాడు. ఇది మీరు ఒడియాలో చదువుతూ అప్పటికప్పుడు తెలుగులో అత్తగారికి చెప్పండి. ఏకాదశి ఉపవాసాల గురించి ఆవిడ దగ్గర ఇంతకంటే మంచి కథలు ఉండొచ్చు. నవల ముందుకు వెళ్లేకొద్దీ మాత్రం భగియా, సారియా అనే సాలె దంపతులకు జరిగే అన్యాయం గుండె పిండేస్తుంది, అది బాబు ఎదుట చదవకండి.

మీ ఊరి మనిషిని కూడా ఒకరిని చెప్పాలి. తాపీ ధర్మారావు గారు 1887లో బరంపురంలోనే పుట్టారు, పర్లాకిమిడిలో గిడుగు వారి దగ్గర చదువుకున్నారు. ఆయన స్వీయచరిత్ర 'రాలూ రప్పలూ' దొరికితే వదలకండి. అచ్చంగా హాస్య రచన కాదుగానీ, మనుషుల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక చిలిపిదనం ఉంటుంది. పైగా మీరు రోజూ తిరిగే ఊళ్ల పేర్లు పుస్తకంలో కనబడటం వేరే సంతోషం.

రావిశాస్త్రి గారిని ఎందుకు ముందు పెట్టలేదని ఎవరైనా అడగొచ్చు. 'ఆరు సారా కథలు' చదవాల్సినవే, మన ఉత్తరాంధ్ర మాట ఆయన చేతిలో పడ్డట్టు ఇంకెవరి చేతిలోనూ పడలేదు. కానీ అవి మద్య నిషేధం రోజుల్లో సారా చుట్టూ, పోలీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగే కథలు, నవ్వొచ్చిన చోటే కోపమూ వస్తుంది. బాబు పడుకున్నాక మీరు చదువుకోండి. నెల్లూరు వైపు యాస వినాలని ఉంటే మహమ్మద్ ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కతలు', చిత్తూరు వైపు అయితే నామిని గారి కథలు. యాస కొత్తది కాబట్టి మొదట కొంచెం తడబాటు ఉంటుంది, ఈలోపు పైకి చదవడం అలవాటై ఉంటుంది గనుక ఇబ్బంది పడరు. పుస్తకాల షాపుల్లో 'వెయ్యిన్నొక్క జోకులు' లాంటివి బోలెడు కనబడతాయి, వాటి జోలికి వెళ్లకండి. ఫోన్‌లో రోజూ వచ్చేవే అందులో ఉంటాయి, మనిషి ఉండడు. మనిషి లేని నవ్వు రెండో రోజుకు గుర్తుండదు.

చదివేటప్పుడు ఒకటి రెండు పాటించండి. జోక్ అర్థం కాలేదని బాబు అడిగితే అప్పుడు చెప్పండి, అడగకముందే విడమరచకండి. ఇవాళ నవ్వని చోట వాడు వచ్చే ఏడాది నవ్వుతాడు. బాగా రంజుగా ఉన్న చోట ఆపి పుస్తకం మూసేయండి, రేపు వాడే తెచ్చి చేతిలో పెడతాడు. మీ నోట్లో ఒడియా యాస కలుస్తుందని సిగ్గుపడుతున్నట్టు రాశారు. కలవనివ్వండి. కన్యాశుల్కంలో ఒక్కొక్క మనిషిదీ ఒక్కొక్క తెలుగు, బ్రాహ్మల తెలుగు ఒకటి, మధురవాణి తెలుగు ఒకటి, నౌకరు అసిరిగాడి తెలుగు ఒకటి. బరంపురం తెలుగు ఇంకొకటి.

దొరికే చోటు గురించి. బరంపురంలో కొత్త తెలుగు పుస్తకాలు వెతికినా దొరకడం కష్టమే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పనిమీద వెళ్లేవాళ్లతో తెప్పించుకోండి, లేదా ఏటా జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో అటు వెళ్లే చుట్టాలకు చీటీ రాసివ్వండి. ఆన్‌లైన్‌లో కూడా బుడుగు, పార్వతీశం తేలిగ్గా దొరుకుతాయి. డబ్బు పెట్టకుండా చదవాలంటే తెలుగు వికీసోర్స్ తెరవండి. రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే మన దేశంలో కాపీహక్కు తీరిపోతుంది. కాబట్టి 1915లో పోయిన గురజాడ వారి కన్యాశుల్కం, 1946లో పోయిన చిలకమర్తి వారి పుస్తకాలు కొన్ని అందులో ఉన్నాయి. ఫోన్‌లో అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత చేసుకోవచ్చు. చూపు మసకబారిన అత్తగారు కూడా ఒక లైను కూడబలుక్కుని చదవొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో పాత పుస్తకాల స్కాన్‌లు చాలా ఉన్నాయిగానీ పేజీలు మసకగా, వంకరగా ఉంటాయి, మీరు తెలుగు చదవడం ధారాళంగా వచ్చేదాకా వాటిని పక్కన పెట్టండి.

కన్యాశుల్కం అచ్చు ప్రతి కొనేటప్పుడు అట్ట మీద 'సంక్షిప్తం' అని ఉందేమో చూడండి, ఉంటే వద్దనండి. ఏడంకాలూ ఉన్నదీ, వెనక పాత మాటలకు అర్థాలు ఇచ్చినదీ అయితే మీకు మంచిది. రెండో అంకం ఇంగ్లీషు ముచ్చట బాబు చేత చదివించాక అత్తగారు ఏమన్నారో ఇక్కడే రాయండి, ఆవిడ దేనికి ఎక్కువ నవ్వారో తెలిస్తే తర్వాతి పుస్తకం ఏదో చెప్పడం నాకు తేలిక.